జాషువాను వెంటబెట్టుకుని వెళ్లనివ్వండి

కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత శాఖ మంత్రి గౌరవనీయులు డాక్టర్ వీరేంద్ర కుమార్ గారికి,



నేను పల్నాడు జిల్లా అమ్మాయిని. గుంటూరులో ఇంగ్లీషు ఎం.ఏ. పూర్తి చేసి, ఇప్పుడు లండన్‌లో తులనాత్మక సాహిత్యంలో మరో ఎం.ఏ. మొదలుపెట్టాను. మీ శాఖ నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి ఈ లేఖ. ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ఇది నాకోసం రాస్తున్నది కాదు. మా నాన్న హైస్కూలు టీచరు. ఆయన జీతంతో మా ఇంటి ఆదాయం ఆ పథకం పెట్టిన ఏడాదికి 8 లక్షల రూపాయల పరిమితి దాటిపోతుంది. అందుకని ఆ స్కాలర్‌షిప్‌కు నేను దరఖాస్తే పెట్టలేదు, ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని వచ్చాను. నా వెనక రావాలని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. తెలుగులో రాయడం కూడా అందుకే. మీ కార్యాలయంలో దీన్ని హిందీలోకి మార్చేవాళ్లు ఉంటారు. మా ఊళ్లలో చదువుకునే పిల్లలకు మాత్రం ఇది నేరుగా అందాలి.

గుంటూరు నుంచి నా జూనియర్ ఒకమ్మాయి తరచూ ఫోన్ చేస్తుంటుంది. తెలుగు ఎం.ఏ. చదువుతోంది. అమ్మానాన్నలు మిరప కోతలకూ పత్తి తీతలకూ కూలికి వెళతారు. సెంటు భూమి లేదు. ఒకరోజు అడిగింది: "అక్కా, రిచర్డ్ రైట్ 'నేటివ్ సన్' 1940లో వచ్చింది, మన జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదువుతానంటే అక్కడ ఒప్పుకుంటారా?" ఒకటి షికాగోలో తెల్లవాళ్ల ఇంట్లో డ్రైవరుగా చేరిన నల్లజాతి కుర్రాడి నవల. రెండోది, గుడిలోకి తనకు ప్రవేశం లేక, ప్రవేశం ఉన్న గబ్బిలంతో తన గోడు శివుడికి చెప్పమని మొరపెట్టుకున్న ఒక అరుంధతీ సుతుడి కావ్యం. భాష వేరు, ప్రక్రియ వేరు. వెలువడిన ఏడు మాత్రం దాదాపు ఒకటే. వినుకొండలో పుట్టిన కవినీ మిసిసిపీలో పుట్టిన నవలాకారుణ్నీ ఒక్కచోట కూర్చోబెట్టాలన్న ఆలోచన ఇరవై రెండేళ్ల పిల్లకు తనంతట తనకే తట్టింది. ఒప్పుకోవడమేమిటి, ఇలాంటి ప్రశ్న కోసమే కదా మా డిపార్ట్‌మెంటు ఉన్నది అన్నాను.

ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. "మరి స్కాలర్‌షిప్ వస్తుందా అక్కా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదో మీకు తెలుసు. 2022 ఫిబ్రవరిలో ఈ పథకం మార్గదర్శకాలను సవరించినప్పుడు కొత్తగా ఒక వాక్యం చేరింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు, వీటికి సంబంధించిన అంశాలకూ కోర్సులకూ ఈ స్కాలర్‌షిప్ వర్తించదని దాని సారాంశం. అందులో సాహిత్యం అన్న మాట లేదు. లేదు కాబట్టి సాహిత్యానికి అడ్డు లేదనుకోవాలా? 'గబ్బిలం' సంస్కృతి కిందికి రాదా? వారసత్వం కిందికి రాదా? అంటరానితనం గురించిన కావ్యం మీద పరిశోధన సామాజిక అధ్యయనం కాదా? దరఖాస్తు పెట్టి, అది తిరిగొచ్చేదాకా ఆ అమ్మాయికి ఈ సంగతి తేలదు. రిచర్డ్ రైట్ ఒక్కడి మీదే రాస్తానంటే ఏ చిక్కూ లేదు. పక్కన జాషువాను పెట్టగానే చిక్కు వస్తుంది. ఎస్సీలకు, విముక్త సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి ఉద్దేశించిన పథకంలో ఆ కుటుంబాల పిల్లలు తమ గురించి వచ్చిన సాహిత్యాన్ని మాత్రం చదవకూడదన్న అర్థం వచ్చే వాక్యం ఉండకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా ఎందుకు ఉండకూడదో చెప్పడానికే.

బ్రిటన్‌లో సాహిత్యం ఎం.ఏ. ఎలా మొదలవుతుందో ముందు చెబుతాను. ఆ చదువు తీరు తెలిస్తేనే నా మాట అర్థమవుతుంది.

కోర్సు ఏడాదే. మొత్తం 180 క్రెడిట్లు, అందులో మూడో వంతు వేసవిలో రాసే డిసర్టేషన్‌కే. సెప్టెంబరు చివరి వారంలో చేతికి రీడింగ్ లిస్ట్ వచ్చింది. వారానికి ఒక నవలో కవితా సంపుటో, దాని చుట్టూ నాలుగైదు వ్యాసాలు, ఇవి ఒక్క మాడ్యూల్‌కు. నోట్సు చెప్పేవాళ్లు ఉండరు. పది పన్నెండు మందిమి ఒక బల్ల చుట్టూ కూర్చుంటాం, టీచరు కూడా ఆ బల్ల దగ్గరే. రెండు గంటలు. మొదట్లో నాకు గొంతు పెగల్లేదు. నేను చదువుకున్న చోట మాస్టారు చెబుతుంటే రాసుకోవడం అలవాటు, ప్రశ్న వేస్తే ఎదురు చెప్పినట్టవుతుందన్న జంకు. మా మాస్టార్లను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. అరవై మంది కూర్చున్న తరగతి గదిలో, పరీక్షకు ముందు సిలబస్ పూర్తి చేయాల్సిన వేళ ఇంకోలా కుదరదు. ఇక్కడ సౌకర్యం ఉంది, మనుషులు తక్కువ, అందుకని వీలవుతుంది. అయితే ఈ పద్ధతిలో ఒక విషయం చప్పున బయటపడుతుంది. బల్ల దగ్గర కూర్చున్న ప్రతివాళ్లూ తమ ఊరి నుంచి, తమ భాష నుంచి ఏదో ఒకటి తెచ్చి అక్కడ పెట్టాలి. తులనాత్మక సాహిత్యం అంటే అదే. పోల్చడానికి రెండోది కావాలి కదా.

ఒక వారం కరోలినా మరియా జి జెజూస్ డైరీ చదివాం. బ్రెజిల్ రచయిత్రి. సావో పావ్లో నగరంలో కనిందే అనే మురికివాడలో ఉంటూ, చిత్తు కాగితాలు ఏరి అమ్మి ముగ్గురు పిల్లల్ని సాకింది. ఆ ఏరిన కాగితాల్లో దొరికిన నోటుపుస్తకాల్లోనే డైరీ రాసుకుంది. 1960లో అది పుస్తకంగా వచ్చింది. పొద్దున్నే నీళ్ల కుళాయి దగ్గర వరస, ఆ పూట బియ్యానికి ఎంత తక్కువ పడిందో లెక్క, పక్కింటివాళ్లతో తగవు, ఆకలి. పేజీ తర్వాత పేజీ ఇవే. సెమినార్‌లో చర్చ ఒక దగ్గర ఆగింది. దీన్ని సాహిత్యంగా చదవాలా, సాక్ష్యంగా చదవాలా? కొరియా నుంచి వచ్చిన అబ్బాయి ఒకటన్నాడు, లాగోస్ అమ్మాయి దానికి అడ్డుచెప్పింది. అప్పుడు నేను నోరు విప్పాను. టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథను గోగు శ్యామల 'నేనే బలాన్ని' అన్న పేరుతో పుస్తకంగా తెచ్చిన సంగతి చెప్పాను. సఫాయి పనివాళ్ల ఇంట పుట్టి మంత్రి అయిన మనిషి తన జీవితాన్ని తన నోటితో చెబుతుంటే, ఇంకో దళిత స్త్రీ కూర్చుని విని రాసింది. చెప్పినవాళ్లు ఒకరు, రాసినవాళ్లు ఒకరు. అప్పుడు ఆ పుస్తకానికి రచయిత ఎవరు? డైరీలో వినపడే గొంతుకూ ఇందులో వినపడే గొంతుకూ తేడా ఏమిటి? ఆ తర్వాత మిగిలిన సమయమంతా చర్చ దాని మీదే సాగింది. కరోలినా డైరీని కూడా ఒక జర్నలిస్టు ఎంపిక చేసి, కుదించి అచ్చుకు ఇచ్చాడు. ఆ సంగతి అప్పటిదాకా మాకు పక్క విషయంగా ఉంది. సదాలక్ష్మి పుస్తకం వచ్చి కూర్చున్నాక అదే అసలు విషయమైంది.

మంత్రిగారూ, ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు. నేను అక్కడ లేకపోతే ఆ పూట చర్చ వేరే దారిన పోయేది, అంతే. కానీ కరోలినా గురించి నాకు అంతకుముందు లేని ప్రశ్న పుట్టింది, వాళ్లకు సదాలక్ష్మి పేరు తెలిసింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో నా వంతుగా నేను పెట్టగలిగింది తెలుగు పుస్తకాన్నే. దాన్ని గుమ్మం బయట వదిలి రమ్మంటే నేను ఖాళీ చేతులతో కూర్చోవాలి. పరాయి సాహిత్యాన్ని పరాయివాళ్లకంటే బాగా చదివి చూపించడం ఒక్కటే మిగులుతుంది. అది కూడా చేయదగ్గ పనే, చేసేవాళ్లు చేస్తారు. కానీ కూలి ఇళ్ల పిల్లలకు ప్రభుత్వం ఆ ఒక్క దారే చూపించడం న్యాయం కాదు.

నిబంధన పెట్టినప్పుడు మీ శాఖ వైపు నుంచి పత్రికలకు చెప్పిన కారణం నాకు గుర్తుంది. ఈ విషయాలకు కావలసిన వనరులూ నిపుణులూ దేశంలోనే ఉన్నారని, వాటికోసం బయటికి వెళ్లనవసరం లేదని అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో దొరికే కొన్ని పాత పత్రికలు ఇంకెక్కడా దొరకవని పరిశోధకులు చెబుతారు. హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చిన దగ్గర్నుంచీ దళిత కవిత్వం మీద రాసినవాళ్లు, వాదించినవాళ్లు, పాడినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. వాళ్లను కలవకుండా ఈ చదువు పూర్తి కాదు. నేనూ డిసర్టేషన్ కోసం వేసవిలో మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలనుకుంటున్నాను.

అయితే అన్ని పుస్తకాలూ మన దగ్గరే లేవు. బ్రిటిష్ లైబ్రరీలో మూడో అంతస్తున ఆసియా, ఆఫ్రికా అధ్యయనాల రీడింగ్ రూం ఉంది. సంచీ కింద లాకరులో పెట్టి, కావలసినవి పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో వేసుకుని పైకి వెళ్లాలి. పెన్ను తేకూడదు, పెన్సిలే. అక్కడ లయొనెల్ బార్నెట్ తయారుచేసిన తెలుగు పుస్తకాల సూచీ చూశాను. 1912లో అచ్చయింది. అప్పటికి బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో ఉన్న తెలుగు అచ్చు పుస్తకాల పట్టీ అది. అవి అక్కడికెలా వెళ్లాయంటే, 1867లో తెచ్చిన చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాల్సి ఉండేది. ఆ నమోదు జాబితాలు మూడు నెలలకోసారి వెలువడేవి. వాటిని చూసి లండన్ గ్రంథాలయాలు తమకు కావలసినవి తెప్పించుకునేవి. పండితులు మెచ్చిన కావ్యాలకు మన దేశంలో దాచుకునేవాళ్లు దొరికారు. అణాకో రెండణాలకో అమ్మిన పాటల పుస్తకాలను, మిషనరీలు పంచిన కరపత్రాలను ఎవరు దాచారు? మా పేటల్లో మొదటి తరం చదువుకున్నవాళ్ల చేతుల్లో ఉన్నవి అవే. అలాంటివాటిని వెతకాలంటే ఈ సూచీ కావాలి, ఈ గది కావాలి.

అమెరికాలో కథ వేరు. అక్కడి నుంచి పీఎల్ 480 అనే చట్టం కింద మన దేశానికి వచ్చిన గోధుమల ధర రూపాయల్లో జమయ్యేది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. మన ఊళ్లలో చదివి చదివి చిరిగిపోయిన అరవైల నాటి నవలలు షికాగోలో, విస్కాన్సిన్‌లో అట్ట చెదరకుండా ఉండటానికి కారణం అది. ఆ రోజుల్లో మన జనం తిన్న గోధుమల సొమ్ముతో కొన్న పుస్తకాలు అవి. వాటిని మన పిల్లలు చదవడానికి మన ప్రభుత్వమే తోడ్పడకపోతే ఎలా?

పుస్తకాల సంగతి అలా ఉంచండి. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో పీహెచ్‌డీ చేశారు. దేని మీద? తెలుగు ధాతువుల మీద. అది 1961లో కాలిఫోర్నియాలో పుస్తకంగా వచ్చింది. ధాతువుల కోసం ఆయన ఫిలడెల్ఫియా వెళ్లలేదు, అవి ఆయన నోట్లోనే ఉన్నాయి. వెళ్లింది శాస్త్రం కోసం. తిరిగొచ్చి ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. వెల్చేరు నారాయణరావు గారు విస్కాన్సిన్‌లో దశాబ్దాల పాటు తెలుగు సాహిత్యం బోధించారు. తెలుగు మీద అధ్యయనం కొంత ఇలా బయటి దేశాల్లో జరిగింది, దానివల్ల తెలుగుకు నష్టం కలగలేదు. ఇప్పుడు దళితుల, సంచార జాతుల పిల్లల వంతు వచ్చేసరికి దారి మూసుకుపోతోంది.

అంబేడ్కర్ సంగతే చూడండి. 1913లో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1915లో ఎం.ఏ.కు ఆయన రాసిన సిద్ధాంత వ్యాసం ప్రాచీన భారత వాణిజ్యం మీద. 1916 మే నెలలో అక్కడి మానవశాస్త్ర సెమినార్‌లో చదివిన పత్రం భారతదేశంలో కులాల పుట్టుక మీద. లండన్‌లో డీఎస్సీకి రాసింది రూపాయి సమస్య మీద. తన దేశాన్ని బయట నుంచి, వేరే శాస్త్రాల వెలుగులో చూడటానికి వెళ్లినవాడు ఆయన. 2022 నిబంధన అప్పుడుంటే ఆ మొదటి రెండు రచనలకు డబ్బు దొరికేది కాదు. మీరు కూడా, మంత్రిగారూ, బాల కార్మికుల సమస్య మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నవారు. మనకు దగ్గరైన బాధను చదువుగా మార్చుకోవడంలో ఏం బలం ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

డబ్బు గురించి కూడా రెండు మాటలు. 2022 నాటి మార్గదర్శకాల్లో బ్రిటన్‌లో చదివేవాళ్లకు జీవన భృతి ఏడాదికి 9,900 పౌండ్లు. అదే ఏడాది లండన్‌కు వచ్చే విద్యార్థి వీసా కోసం నెలకు 1,334 పౌండ్ల చొప్పున 9 నెలలకు 12,006 పౌండ్లు చూపించాలని బ్రిటన్ ప్రభుత్వం అడిగింది. ఆ మొత్తం ఆ తర్వాత ఇంకా పెరిగింది. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. కంప్యూటర్ చదువులకు వచ్చినవాళ్లు రేపు ఉద్యోగంతో తీర్చుకుంటామన్న ధైర్యంతో అప్పు చేస్తారు. లోన్ కోసం నేను తిరిగిన చోట్ల లిటరేచర్ అనగానే ఎదురైన మొదటి ప్రశ్న, కోర్సు మార్చుకోవచ్చు కదా అని. కన్సల్టెన్సీలో కూర్చున్న అబ్బాయి డేటా అనలిటిక్స్ ఫారం తీసి నా ముందు పెట్టాడు. మా నాన్నకు పద్యాల మీద ప్రేమ లేకపోతే, హామీ పెట్టడానికి ఆయన పేరున ఇల్లు లేకపోతే నేనిక్కడికి వచ్చేదాన్ని కాదు. ఆ రెండూ లేని అమ్మాయికి సాహిత్యం చదివే దారి ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఒక్కటే. ఇంజనీరింగ్ వాళ్లకంటే సాహిత్యం వాళ్లకే దీని అవసరం ఎక్కువ అని నేననడానికి కారణం ఇది.

అందుకని అడుగుతున్నాను. ఆ వాక్యాన్ని మార్గదర్శకాల్లోంచి తీసేయండి. పూర్తిగా తీసేయడానికి సమయం పడుతుందంటే, సాహిత్యం, తులనాత్మక సాహిత్యం, అనువాద అధ్యయనాలకు అది వర్తించదని ఒక వివరణ ఇవ్వండి. దానికి కేబినెట్ నిర్ణయం అక్కర్లేదు. ఎంపిక చేసే కమిటీలో ఏదైనా ఒక భారతీయ భాషా సాహిత్యం బోధించినవారు కనీసం ఒకరుండాలి. జాషువా ఎవరో, సదాలక్ష్మి ఎవరో ఎరిగినవాళ్లు దరఖాస్తు చదివితే అది వేరు. జీవన భృతిని వీసా అధికారులు అడిగే మొత్తానికి తగ్గకుండా చూడండి. ఎంపిక ఫలితాలు ఇక్కడి విశ్వవిద్యాలయాలు డిపాజిట్ కట్టమనే గడువు కంటే ముందు రావాలి. సీటు వచ్చి, స్కాలర్‌షిప్ ఫలితం కోసం ఎదురుచూస్తూ ఆ గడువు దాటిపోతే విద్యార్థి చేసేదేమీ ఉండదు.

ఉన్నవి 125 స్కాలర్‌షిప్‌లు. అందులో 30 శాతం అమ్మాయిలకు. ఇన్ని వర్గాలకు, ఇంత దేశానికి అది చాలా చిన్న సంఖ్య. అందులో సాహిత్యం చదువుతామనేవాళ్లు ఏటా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. వాళ్లకు దారి ఇస్తే మిగతావాళ్లకు పెద్దగా తగ్గేదేమీ ఉండదు.

గుంటూరులో ఉన్న ఆ అమ్మాయికి విశ్వవిద్యాలయ దరఖాస్తులు నింపడంలో నేను సాయం చేస్తున్నాను. పరిశోధనాంశం దగ్గర 'నేటివ్ సన్', 'గబ్బిలం' రెండు పేర్లూ రాయమన్నాను, రాసింది. విశ్వవిద్యాలయాలకు పంపే కాగితాల్లో ఆ రెండు పేర్లూ ఉంటాయి. మీ పోర్టల్ తెరుచుకున్నప్పుడు దానిలో ఏం రాయమంటారో మీరే చెప్పాలి. ఆ జవాబు వచ్చే ఏడాది మార్గదర్శకాల్లో చూస్తానని ఆశిస్తున్నాను.

ఇట్లు,
లండన్‌లో ఎం.ఏ. చదువుతున్న పల్నాడు విద్యార్థిని